ఎత్తు కిటికీలు

హుస్సేనీ ఆలంలో ఆడవాళ్ల దవాఖానాకు నక్షా గీసింది నేనే. అప్పట్లో సర్కారీ డ్రాఫ్ట్స్‌మన్‌ను. మంచాల మీద పడుకున్నవాళ్లకు గాలి తగలాలని గల్లీ వైపు పెద్ద కిటికీలు పెట్టాను. దవాఖానా తెరిచిన వారానికే వాటన్నిటికీ దుప్పట్లు వేలాడాయి. లోపల గాలి ఆడలేదు.

"గల్లీల మగోళ్లు తిరుగుతుంటే ఆడోళ్లు ఎట్ల పండుకుంటరు భాయ్? గింత కూడ సోంచాయించలేదా?" అని ఆయా గేటు దగ్గరే నన్ను కడిగేసింది.

ఒళ్లు మండింది. కానీ ఆమె అన్నది నిజం. ఆ కిటికీలను ఇటుకలతో మూయించి, మనిషి తల కంటే ఎత్తున కొత్తవి పెట్టించాను. దుప్పట్లు దిగాయి.

రెండేళ్లకు నా భార్యను జ్వరంతో అక్కడే చేర్చాను. మొగుడైనా సరే, మగవాడు లోపలికి పోకూడదు. రోజూ ఆఫీసు నుంచి గదికి వెళ్లి, జావ కాచి తెచ్చి, గిన్నె ఆయా చేతికిచ్చి గల్లీలో నిలబడేవాణ్ని. ఎదుటి గోడకు ఆనుకుని చూసినా ఆ ఎత్తు కిటికీల్లోంచి వార్డు లోకప్పే కనిపించేది. నా కొలత తప్పలేదు.

లోపల ఎవరో ఒకరు దగ్గుతూనే ఉండేవారు. మాకు పెళ్లయి అప్పటికి మూడు నెలలు. ఏ దగ్గు ఆమెదో నాకు తెలిసేది కాదు.