రామశేషయ్య గారి చివరి మూడు విల్లులు

మిత్రులారా, మన రామశేషయ్య గారు ఇక లేరని మంగళవారం ఉదయం ఆయన సతీమణి సుభద్రమ్మ గారు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, గరాజ్‌లో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు" అన్నారు. రిసీవర్ పెట్టేశాను. నాలో దుఃఖం సగం, భయం సగం.

అమెరికాలోని ఈ ట్రాయ్ ఊళ్ళో వారమంతా కార్లకు స్ప్రింగులు డిజైన్ చేసిన ఆ ఇంజనీరు, సెలవు రోజుల్లో ధనుర్నిర్మాణం సాగించిన తపస్వి. మన వెదురు దొరకని ఈ సీమలో, ఇళ్ళ ముందు పాత సామాన్లు అమ్మే యార్డ్ సేల్‌లో, మంచు మీద జారే పాత స్కీలు కొని, వాటి ఫైబర్‌గ్లాస్ పొరలు ఒలిచి, చెక్కబద్దకు అతికించి విల్లు వంచేవారు. "కట్టె ఏడ్చి విరుగుతుందయ్యా. గ్లాస్ చెప్పకుండా విరుగుతుంది" అనేవారు. అంతటి నిపుణుడూ కొత్త వింటికి నారి ఎక్కించేటప్పుడు హాకీ ముసుగు తొడుక్కుని, మమ్మల్ని కారు వెనక నిలబెట్టేవారు. భయపడడానికి సిగ్గుపడని ధీరుడు.

పదింట ఒకటి విరగడం ఆ పనిలో సహజం. అందుకే ప్రతి వింటినీ యాభైసార్లు లాగి, చెవి ఆనించి విని, కుంకుమ బొట్టు పెట్టాకే స్నేహితులకు ఇచ్చేవారు. ఎనభై రెండో సంవత్సరం చలికాలంలో భుజం నొప్పి చేసి, నాలుగు విల్లుల పరీక్ష నాకు అప్పగించారు. ఒక్కొక్కటీ నూరేసిసార్లు లాగానని ఊరంతా చెప్పుకున్నాను. మీ పిల్లలు నన్ను "అర్జునుడు అంకుల్" అన్నారు.

నూరు అబద్ధం. యాభై కూడా అబద్ధం. ఒక్క వింటిని మూడుసార్లు లాగాను. మూడోసారి చేతికి సన్నని అదురు తగిలింది. భయమేసి కింద పెట్టేశాను. మిగిలిన మూడింటినీ ముట్టుకోలేదు.

"లాగావటోయ్?"

"అన్నీ లాగాను సార్. మీ చేతి పనికి ఢోకా ఏముంటుంది!"

మూడు విల్లులు స్నేహితుల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. ఆ వారమే పార్కులో నాలుగోది, నాకు అదురు చూపినది, ఆయన చేతుల్లో పేలింది. పెచ్చు కంటికి అంగుళం కింద దిగింది. నెత్తురు తుడుచుకుంటూ, "తప్పు నాదే. గ్లూ సరిగ్గా పట్టలేదు. ఆ మూడూ వెనక్కి తెప్పిద్దామా?" అన్నారు.

"వాటిని నూరేసిసార్లు లాగాను కదండీ. వదిలేయండి."

వెనక్కి వస్తే నా బండారం బయటపడుతుందని అలా అన్నాను. ఆయన నమ్మారు. రెండు చలికాలాలు జిగుళ్ళు మార్చి మార్చి పరీక్షించారు. నేను పక్కనే కాఫీ తాగుతూ తల ఊపాను.

ఆ మూడూ ఎవరిళ్ళలో ఉన్నాయో సుభద్రమ్మ గారికీ తెలియదు, నాకూ తెలియదు. నాటి పిల్లలకు ఇప్పుడు గోడ మీది విల్లు అందుతుంది. ఎనభై రెండులో ఇచ్చిన విల్లు మీ ఇంట ఉంటే దానికి నారి ఎక్కించకండి. ఎవరినీ తాకనివ్వకుండా నాకు ఫోన్ చేయండి. వచ్చి నేనే లాగుతాను.

అటువంటి చేయి మళ్ళీ మనకు దొరకదు. ఆ మహనీయునికి చెప్పుకోవలసిన మాటను, నమస్కరించి, మీకు చెబుతున్నాను.