డబల్ డెక్కర్‌లో పైనొకరు, కిందొకరు

ధర్మవరంలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ గోడ ఒకటే. పెద్దమ్మా అని పిలిచేదాన్ని గానీ, ఆమె మాకు చుట్టం కాదు. హైదరాబాదులో పుట్టి, నిఖా అయినాక మా ఊరికి కాపురానికి వచ్చిన ముస్లిముల ఆడబిడ్డ. మేం నేసిన చీరల కొంగులకు కుచ్చులు కట్టేది. మధ్యాహ్నం మగ్గాల చప్పుడు ఆగినాక మా నడవలో కూచుని, పట్టుపోగులు వేళ్ల మధ్య మెలేస్తా, డబల్ డెక్కర్ బస్సు గురించి చెప్పేది.

వాళ్ల నాయన ఆ బస్సు డ్రైవరు. సెలవు రోజున కూతుర్ని ఎక్కించుకునేవాడు. పైన, అందరికంటే ముందు సీటు ఆమెది. ట్యాంక్‌బండ్ మీద పోతాంటే చెరువు గాలి ముఖాన కొట్టేదట. చెట్ల కొమ్మలు కిటికీల్లోకి వచ్చేవట. ఆకులు తెంపి ఒళ్లో పోసుకునేదట. నీళ్ల ట్యాంకరు కోసం వీధిలో బిందెలు పెట్టి వచ్చి కూచున్న మాకు, ఆ మాటలు వింటాంటేనే ఒళ్లు చల్లబడేది. చిన్నప్పుడు ఆ బస్సు నాకు కలలోకి వచ్చేది. ఎర్రమట్టి చేన్లలో, వేరుశనగ చాళ్ల మీద, చప్పుడు లేకుండా తేలుతా పోయేది. పైన ఎవరో కూచుని ఉంటారు. ముఖం కనపడదు.

ఆ బస్సులు ఎప్పుడో తీసేసినారు. ఈ మధ్య కరెంటుతో నడిచేవి కొత్తగా తెచ్చినారని నా ఫోనులో బొమ్మ చూపించినాను. ఆమె చాలాసేపు చూసింది.

"ఒక్కసారి తీసకపో పాపా."

హైదరాబాదులో ఆమె తమ్ముని మనవరాలి పెండ్లికి పిలుపు వచ్చినప్పుడు తోడుగా నేనే పోయినాను. పెండ్లికి ముందు రోజు పొద్దున ఇద్దరం ట్యాంక్‌బండ్ దగ్గర నిలబడినాం. బస్సు వచ్చింది. మెట్లు ఇరుకుగా, వంకర తిరిగి ఉన్నాయి. పెద్దమ్మ రెండు మెట్లు ఎక్కింది. మూడోదానికి మోకాలు లేవలేదు. కమ్మీ పట్టుకుని కాసేపు అట్లే నిలబడి, మెల్లగా దిగి, డ్రైవరు వెనక సీటులో కూలబడింది.

"నేనూ ఈడే కూచుంటా పెద్దమ్మా."

"నువ్వేం చేస్తావు ఈడ? పో పైకి. పోయి ఫోను చెయ్యి."

ఎక్కినాను. ముందు సీటు ఖాళీగా ఉండె. ఎదురుగా నిలువెత్తు అద్దం, అద్దం నిండా ఆకాశం. పక్కన కాలేజీ పిల్ల ఒకతె పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూచునింది. ఫోను కలిపినాను. పెద్దమ్మది బటన్ల ఫోను, దాంట్లో గొంతు తప్ప బొమ్మ రాదు.

"ఏం కనపడతాండాది?"

"నీళ్లు పెద్దమ్మా. ఎండకు మెరస్తాండాయి. మధ్యలో బుద్ధుడు నిలబడినాడు."

"మా కాలంలో ఆడ ఉత్త నీళ్లే. గాలి ఎట్లుండాది?"

"అద్దాలు తెరిచేకి రావు. ఏసీ పెట్టినారు."

అంతలోనే ఏదో కొమ్మ బస్సు కప్పు మీద గీరుకుంటా పోయింది. "కొమ్మ! కొమ్మ తగిలింది!" అని అరిచినాను. కాలేజీ పిల్ల ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. సంగతి చెబితే, "స్పీకర్ పెట్టండక్కా, నేనూ వింటా" అనింది.

అప్పుడు కింది నుంచి పెద్దమ్మ, ఏండ్ల తరబడి మా నడవలో కూచుని ఒక్కనాడూ చెప్పని సంగతి చెప్పింది.

"నిఖా అయిన మరుసటి రోజు మా నాయనకు సెలవు దొరకలేదు పాపా. రైలు స్టేషనుకు నన్నూ మా ఇంటాయన్నూ ఆ బస్సులోనే తీసకపోయినాడు. పెండ్లిచీర మీద బురఖా ఏసుకుని పైన ముందు సీటులో కూచున్నా. మా నాయన కింద తోలతాండాడు. దోవంతా ఒక్క మాట లేదు, ఎట్ల మాట్లాడేది? స్టేషను కాడ దిగినాం. ఆయప్ప దిగలేడు గదా, వెనక బండ్లోళ్లు హారన్లు కొడతాండారు. కిటికీలోనుంచి చెయ్యి బయట పెట్టినాడు. పోయి పట్టుకుంటి. అంతలోకే బస్సు కదిలింది. కొంచెం దూరం పక్కనే నడిచినా. ఆమీద ఇడిచిపెట్టినా."

కాలేజీ పిల్ల ఫోను దగ్గరికి వంగి, "అవ్వా, ఆయన మళ్లీ మిమ్మల్ని చూసేకి వచ్చినాడా?" అనడిగింది, మా యాసనే పట్టుకుని.

"రాలేదంటే ఊరుకుంటానా? వచ్చినాడు. మా ఊరి ఎండ చూసి, ఇదేం ఊరే తల్లీ అన్నాడు." ఫోనులో నవ్వింది. కింద ఎవరో మగమనిషి నవ్విన గొంతు కూడా వినపడింది. డ్రైవరేమో.

బస్సు చెరువు చుట్టూ తిరిగి మొదటి చోటికే వచ్చింది. మేం దిగలేదు. కండక్టరు కూడా ఏమీ అనలేదు. రెండో చుట్టులో ఫోను పెట్టేసి కిందికి దిగి, ఆమె పక్కన కూచున్నాను. ఆమె నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, ముందు డ్రైవరు వీపు వైపే చూస్తా ఉండె. నీళ్ల వెలుగు బస్సు లోపలికి పడి, కప్పు మీద కదులుతా ఉండె. నాకు నిద్ర పట్టినట్టయింది.

ఊరికి వచ్చినాక వీధిలో ఆడోళ్లంతా చుట్టూ చేరినారు. "ఎక్కినావా పెద్దమ్మా? ఎట్లుండె?" అని ఒకటే అడగడం.

"ఎక్కకుండా వస్తానా? పైన ముందు సీటులోనే కూచుంటి. అద్దం నిండా ఆకాశం. నీళ్ల నడుమ బుద్ధుడు. కొమ్మ ఒకటి వచ్చి తగిలింది సూడు, ఉలిక్కిపడితి!"

అందరూ నా వైపు చూసినారు. అవునన్నట్టు తల ఊపినాను. అబద్ధం చెబుతున్నట్టు కూడా అనిపించలేదు. ఇప్పుడు ఆ పొద్దు గుర్తు చేసుకుంటే, పై అంతస్తులో ఆమె నా పక్కనే కనపడుతుంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి.