నోరీన్ పెట్టిన మూడో ఒకటి

నోరీన్ పాస్కోకి భయం పుట్టుకతోనే వచ్చింది. మాగ్‌పై పిట్టలు తల మీద పొడుస్తాయని అవి గుడ్లు పెట్టే సెప్టెంబరు మొదలు నెత్తిన ఐస్‌క్రీమ్ డబ్బా బోర్లించుకుని ఆఫీసుకొచ్చేది. అడిలైడ్ యూనివర్సిటీలో లెక్కల డిపార్టుమెంటు టైపిస్టు ఆమె. నేను అదే అంతస్తులో టీ బండి తోసేదాన్ని. పంతొమ్మిదేళ్ళలో ఆమె కొట్టిన కాగితాలు పరిస్తే మెల్‌బోర్న్ దాకా వాటి మీదే నడిచెళ్ళొచ్చు. అందులో ఆమెకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

చదరంగా పేర్చిన అంకెల్ని వాళ్ళు మాత్రిక అంటారు. ఎన్ని వేషాలేసినా దాని అసలు మొహం ఒకటేనట. దాన్నే జోర్డాన్ రూపం అంటారు. మూల నుంచి మూలకి మెట్లలా ఒకే అంకె, ఆ మెట్ల పక్కన ఒకట్లూ సున్నాలూ.

డెబ్భై నాలుగు నవంబరు, శుక్రవారం. తొమ్మిదింటికి పరీక్ష. ఎనిమిదిన్నరకి టీ ఇస్తే నోరీన్ కప్పు పక్కన పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

"చచ్చానే మెర్ల్! కార్దోష్ ఒకట్లు మెట్లకి పైన రాశాడు, నేను కింద కొట్టాను. ప్రశ్నపత్రాలు పరీక్ష హాల్లోకి వెళ్ళిపోయాయి!"

ఇంకొక్క తప్పు దొర్లితే లైబ్రరీ నేలమాళిగలో లేబుళ్ళు అంటించుకోవాలని డిపార్టుమెంటు పెద్ద, ప్రొఫెసర్ విట్‌ఫర్డ్, ముందు వారమే చెప్పి ఉన్నాడు. ఆ ప్రశ్నపత్రం రాసిన లెక్చరర్ కార్దోష్ దగ్గరికి ఆమెని లాక్కెళ్ళాను. హంగరీ మనిషి, చీపురంత మీసం.

"పైనైతే ఏంటి, కిందైతే ఏంటి నోరీన్? మా ఊళ్ళో పంతుళ్ళంతా కిందే రాసేవాళ్ళు. రెండింటి పేరూ జోర్డాన్ రూపమే!" అని పగలబడి నవ్వాడు. ఉన్నట్టుండి కాగితం మీద వేలు ఆగిపోయింది. "మూడు ఒకట్లున్నాయేంటి? నేను రాసింది రెండేగా?"

"మధ్యలో ఖాళీ ఉంటే మర్చిపోయారనుకున్నానండీ..."

"ఖాళీ అంటే సున్నా అమ్మా! రెండు ముక్కలుగా ఉండాల్సింది కలిపి ఒకటి చేశావు. రెండు ముక్కలున్నాయని నిరూపించమని అడిగాను. పిల్లలు ముసలాళ్ళయినా తేలదు! నా మోకాలు పనిచేయదు, నువ్వు పరిగెత్తు!"

నోరీన్ పరిగెత్తింది, వెనకే నేను. ముగ్గురి ముందు నోరు విప్పని మనిషి, పరీక్ష హాల్లో నలభై మంది ముందు బోర్డు దగ్గరికెళ్ళింది. సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

"నాలుగో ప్రశ్న... మూడు ఒకట్లలో... మధ్యది సున్నా."

గుమ్మంలో విట్‌ఫర్డ్. "ఎవరి పని ఇది?"

కుంటుతూ వచ్చిన కార్దోష్ "నాదే" అనేలోపే నోరీన్ చెయ్యెత్తింది.

"సోమవారం నా గదికి రండి, మిసెస్ పాస్కో."

ఇక నేలమాళిగకే అనుకుని సోమవారం కప్పు, స్వెట్టరు, కుర్చీ మెత్త సంచిలో సర్దేసి లోపలికెళ్ళింది. సున్నం కొట్టినట్టున్న మొహంతో బయటికొచ్చింది. చేతిలో టైపు కొట్టాల్సిన కొత్త పరీక్ష రాతప్రతి.

"ఏమన్నాడే?"

"ఇకమీద సున్నాలు కూడా లెక్కపెట్టమన్నాడు."

ఆ సంచి మాత్రం మళ్ళీ విప్పలేదు. రిటైరయ్యేదాకా టేబుల్ కిందే ఉంది. పొద్దున్నే అందులోంచి కప్పు తీసి టీ పోయించుకునేది, సాయంత్రం కడిగి మళ్ళీ అందులోనే పెట్టేది.