సూర్యుడిలో తిరగలి

నా చిన్నప్పుడు సూర్యుడిలో ఎవరో మినుములు విసురుతుంటారని నమ్మినదాన్ని నేను. నవ్వకండి. మా దివిసీమలో వరికోత అయ్యాక పొలాలన్నీ మినుమే, ఇంటింటా తిరగలే. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు, తిరగలిలో మినుములు బద్దలయ్యేకొద్దీ రాయి ఎలా వేడెక్కుతుందో, సూర్యుడిలో పరమాణువులు కూడా అలాగే బద్దలై వేడి పుడుతుందని చెప్పారు. సాయంత్రం ఇంటికెళ్లి, మా అమ్మ పప్పు విసురుతుంటే రాయి మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగానే ఉంది. ఇంకేం కావాలి?

మాస్టారంటే ఊళ్లో అంతా ఇంతా గౌరవం కాదు. తగువొచ్చినా ఆయన దగ్గరికే, పొలంలో ఎరువు చల్లాలన్నా ఆయన్ని అడిగే. ఆయన చెప్పింది తప్పు అనే ధైర్యం మా నాన్నకే లేదు, నాకెక్కడిది?

ఆ ఏడే బందరులో బడిపిల్లలకు సైన్సు పోటీ పెట్టారు. మా బడి తరఫున నన్ను మాస్టారే బస్సులో తీసుకెళ్లారు. దారంతా నాకంటే ఆయనకే హుషారు. హాలు నిండా అన్ని బళ్ల పిల్లలూ, పంతుళ్లూ. వేదిక మీద కాలేజీ లెక్చరరు గారొకరు ప్రశ్నలు వేస్తున్నారు. నా వంతు రాగానే, సూర్యుడికి అంత వేడి ఎలా వస్తుందని అడిగారు. నా పంట పండిందనుకుని తిరగలీ మినుములూ గడగడా అప్పజెప్పేశాను. హాలంతా గొల్లుమంది. లెక్చరరు గారూ నవ్వు ఆపుకోలేక, "ఎవరు చెప్పారమ్మా నీకిది?" అన్నారు.

మాస్టారి పేరు చెబితే నేను బయటపడతాను గానీ, ఇంతమంది పంతుళ్ల ముందు ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే మొద్దుపిల్లనని నాకే పేరు. తలొంచుకుని, "నేనే అనుకున్నానండీ" అన్నాను.

వెనక వరసలో మాస్టారు లేచి నిలబడ్డారు. "అమ్మాయి నా కోసం అలా అంటోందండీ. ఆ పాఠం చెప్పింది నేను. తప్పయితే తప్పు నాది. అసలు సంగతేంటో చెప్పండి, నేనూ రాసుకుంటాను" అని జేబులోంచి కలం తీశారు.

లెక్చరరు గారు ఈసారి నవ్వకుండా, నిదానంగా చెప్పారు. బద్దలవడం ఆటంబాంబులో జరిగేదట. సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి, కలిసి, చివరికి హీలియం అవుతాయట. కలిశాక బరువు రవ్వంత తగ్గుతుంది, ఆ తగ్గిందే వేడీ వెలుతురూ. దాన్ని కేంద్రక సంలీనం అంటారన్నారు. బరువెందుకు తగ్గుతుందండీ అని మాస్టారు అడిగితే, అది నాకూ సరిగ్గా తెలియదు మాస్టారూ అని ఆయనా ఒప్పుకున్నారు.

బహుమతి రాలేదు. సోమవారం మాస్టారు మా నోటు పుస్తకాల్లో ఆ పాఠం కొట్టేయించి మళ్లీ రాయించారు. అక్కడితో ఆగితేనా! కిందటేడు ఇదే పాఠం విన్న పదో తరగతికి వెళ్లి చెప్పారు. బడి మానేసి పెడనలో మేనమామ ఇంట అద్దకం పని నేర్చుకుంటున్న ఒకమ్మాయికి కూడా బస్సెక్కి వెళ్లి మరీ చెప్పొచ్చారు. సూర్యుడి కబురు చెప్పడానికి అంత దూరమా అని మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

పెద్దయ్యాక నేనూ గుడివాడలో ముప్పయ్యేళ్లు సైన్సే చెప్పాను. సంలీనం గురించి నాకన్నీ తెలుసని గర్వం. ఆ గర్వంతోనే, మన దేశంలో అణు కరెంటు కూడా సూర్యుడి పద్ధతిలోనే తయారవుతుందని కొన్నేళ్లు పిల్లలకు చెప్పాను. శుద్ధ తప్పు. అక్కడ జరిగేది బద్దలవడమే. సంలీనంతో ఇళ్లకు కరెంటిచ్చే కేంద్రం ప్రపంచంలో ఇంకా ఎక్కడా లేదు. తెలిశాక కొత్త పిల్లలకు సరిగ్గానే చెప్పాను గానీ, వెళ్లిపోయినవాళ్లను వెతకలేదు. సిగ్గేసింది, అంతే.

మొన్న నా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో, విదేశాల్లో సంలీనంతో కృత్రిమ సూర్యుణ్ణి చేసే ప్రయోగాల వార్త పెట్టారు. ఇప్పుడు తానూ టీచరైన ఒకమ్మాయి దాని కింద, ఇందులో కొత్తేముంది, సూర్యుడి పద్ధతి కరెంటు మన దేశంలో ఎప్పటినుంచో ఉంది, మా టీచరు గారు చెప్పారు, నేనూ మా పిల్లలకు అదే చెబుతున్నాను అని రాసింది. నాకు వరసగా దండాలు పెట్టారు అందరూ. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుని, చివరికి అందరికీ కనబడేలా రాశాను, అది నేను చెప్పిన తప్పని, ఇన్నేళ్లు దాచినందుకు క్షమించమని.

ఆ అమ్మాయి వెంటనే ఫోన్ చేసింది. "రేపు మా పిల్లల ముందు ఎలా నిలబడను టీచర్, భయంగా ఉందండీ" అంది. ఆ రోజు బందరు హాల్లో కలం పట్టుకుని నిలబడ్డ మాస్టారి చెయ్యి వణుకుతుండటం నేను చూశాను. యాభై ఏళ్లు దాటినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయికి చెప్పాను.