గంజితో తడిపిన పిండి

పెద్దమ్మ పోయిందని బాపు ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్ హాస్టల్లో నల్లా దగ్గర కంచం కడుక్కుంటున్నాను. "బిడ్డా, మన పక్కింటి పెద్దమ్మ పోయింది. పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చి, ఛాతిల నొప్పని కూసున్నదట. దవాఖానకు తీస్కపోయే లోపట్నే..." అని, "వస్తవా?" అన్నాడు. పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి కాగజ్‌నగర్‌కు రైలు. దారి పొడవునా వాన పడుతూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఆమెకు నేను ఇచ్చిన ఒక మాట మిగిలిపోయింది. తీర్చుకుందామంటే ఇక మనిషి లేదు.

పోయిన ఏడాది ఇదే కాలేజీ పత్రికలో 'కన్నీటి రొట్టె' అని నేను రాసిన వ్యాసం మీలో చాలామంది చదివారు. నాకు బహుమతి వచ్చింది. కొందరు మెట్ల మీద ఆపి మరీ మెచ్చుకున్నారు. ఆ వ్యాసంలోని తల్లి మా పెద్దమ్మే. కానీ అందులో నేను ఆమె గురించి రాసినది చాలావరకు నిజం కాదు. ఆ సంగతి చెప్పకుండా ఆమెను తలుచుకునే అర్హత నాకు లేదు.

ఆమె మాకు చుట్టం కాదు. కాగజ్‌నగర్ కాగితం మిల్లు కార్మికుల ఇళ్ల వరుసలో మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒకటే గోడ. మిల్లు మూతపడిన ఏడాది బాపు, ఆమె భర్త ఒకే రోజు పని లేని వాళ్లయ్యారు. ఆయన్ను నేను పెద్దబాపు అంటాను. ఆయన కిరాయి ఆటో నడిపాడు, బాపు కూలికి పోయాడు. మా అవ్వ, అంటే అమ్మ, దిగులుతో మంచం పట్టబోతుంటే పెద్దమ్మ గోడ మీంచి పిలిచింది. "రెండిండ్లకు రెండు కూరలెందుకే? ఇయ్యాల నువ్వొండు, రేపు నేనొండుత. దిగులు గూడ గట్లనే, దినం తప్పి దినం పడుదాం."

అట్లా రెండిళ్లకూ ఒక కూర అయింది. కూరగాయలు లేని రోజు శనగపిండి నీళ్లలో కలిపి, ఉల్లిగడ్డ తాలింపులో ఉడికించి పిట్ల చేసేది. జొన్నరొట్టెతో అది తింటుంటే ఇంకోటి కావాలని అనిపించేది కాదు. ఎండాకాలం పచ్చిపులుసు. పొయ్యి మీద రెండు మిరపకాయలు కాల్చి, చింతపండు రసంలో నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, నువ్వుల పొడి వేస్తే అయిపోయేది. "ఆకలికి రుచి తెల్వదంటరు గని, ఎవడన్నడు ఆ మాట? ఆకలైనోని నాలికెనే ఎక్కువ పనిజేస్తది" అనేది. అందుకే ఆమె వంటలో ఏది తక్కువైనా తాలింపు మాత్రం తక్కువయ్యేది కాదు.

సోడా బండి అతని దగ్గర పిండేసిన నిమ్మతొక్కలు అడిగి తెచ్చేది. వాటిని రేకు మీద ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టిన కట్టెబూడిద, కుంకుడుకాయ పొడి, ఉప్పు కలిపి గిన్నెలు తోమే పొడి చేసేది. మా వరుసలో ఎవరూ గిన్నెల సబ్బు కొనేవాళ్లు కాదు. "ఏదన్న పారేసేముందు దాన్ని ఒక్కపారి అడగాలె, నువ్వింకేమన్న పనికొస్తవా అని" అనేది. పెద్దబాపు ఆటో తుడుస్తూ "నన్ను గూడ గట్లనే అడిగి పెట్టుకున్నది" అని నవ్వించేవాడు.

డిగ్రీ మొదటి ఏడాది వేసవి సెలవుల్లో ఒకరోజు ఆదివారం చర్చి నుంచి వస్తూనే పెద్దమ్మ నన్ను పిలిచింది. "నాకు రాయరాదు. నువ్వు సదువుకుంటున్నవ్. నేను చెప్త, నువ్వు రాయి. నా బిడ్డ, మీ అక్క, పెండ్లయి పోతది. ఈ లైన్లకు కొత్త కోడండ్లు వస్తుండ్రు. ఆల్లకు ఫోన్ల చూసుడే తప్ప చేతుల్తోని కలుపుడు తెల్వది." రెండు రోజులు ఆమె గడపలో కూర్చుని రాశాను. గిన్నెలో కాల్చే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి దగ్గర నా పెన్ను ఆగింది.

"ఉప్పెంత పెద్దమ్మా?"

"మూడేళ్లకొచ్చినంత."

"మూడు వేళ్లంటే ఎంత? చెంచాల్లో చెప్పు."

"చెంచకేం తెల్సు ఉప్పు సంగతి? నా మూడేళ్లు చూస్కో, రాస్కో."

సరే పెద్దమ్మా అని నవ్వాను. ఉప్పు కొలత తర్వాత సరిగా చూసుకుందామని అక్కడ ఖాళీ వదిలాను.

కాలేజీకి తిరిగి వచ్చాక నాకు మాటల పిచ్చి పట్టింది. ఒక మాట పక్కన ఇంకో మాట పెడితే వెలుగు వస్తుందని అప్పుడే తెలిసింది. పత్రికకు వ్యాసం అడిగితే పెద్దమ్మ నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పావు సోల, పిడికెడు, మూడు వేళ్లు, గంజి నాకు చప్పగా కనిపించాయి. వాటన్నిటినీ తీసేసి ఇట్లా రాశాను: "ఆ తల్లి కన్నీటితో పిండి తడిపి, పిల్లలకు ఆకలినే రొట్టెగా కాల్చి పెట్టింది." ఆ వాక్యం చూసి నేనే మురిసిపోయాను. వ్యాసం అచ్చయ్యాక గది సర్దుతూ ఆ నోటుబుక్కును పాత కాగితాలతో కలిపి చిత్తుకాగితాల వాడికి వేసేశాను. కాగితం మిల్లు ఊరి పిల్లను. వేసే ముందు ఒకసారైనా తిప్పి చూడలేదు.

బాపు సంతోషం పట్టలేక ఆ పత్రికను చర్చిలో పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మకు ఇచ్చాడు. ప్రార్థన అయ్యాక ఆమె దాన్ని అందరి ముందు చదివింది. పెద్దమ్మ, పెద్దబాపు అక్కడే ఉన్నారు.

తర్వాతి వారం నేను ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ పీట వేసింది.

"కూసో బిడ్డా. నీ కథ ఇన్న."

"ఎట్లున్నది పెద్దమ్మా?" అని అడిగాను, సిగ్గు లేకుండా.

"మంచిగున్నది. నలుగురు ఏడ్సిన్రు. నేను సుత ఏడుద్దుననుకున్న గని, అది నేనే అని యాదికొచ్చింది." మళ్లీ తనే అంది. "కిలో పిండి తడపాల్నంటే ఎన్ని కన్నీళ్లు గావాలె? గంజి అని చెప్పిన గద?"

"అందం కోసం రాసిన పెద్దమ్మా."

"గంజి అందంగ లేదా?"

ఆమె గొంతు తగ్గించింది. "నా గురించి ఏమన్న రాస్కో, నాకు ఫికర్ లేదు. మీ పెద్దబాపు ఆడ్నే కూసున్నడు. పిల్లలు ఆకలితోని పన్నరని సదువుతుంటే తలకాయ దించుకున్నడు. ఒక్కనాడన్న పన్నరా? నువ్వు మా ఇంట్ల తిన్నదానివే గద, నువ్వే చెప్పు."

ఒక్కనాడు కూడా ఆకలితో పడుకోలేదు. ఆ మాట ఆమెకు చెప్పకుండా లేవబోయాను. "కొలతలన్ని ఏవి మరి?" అని అడిగింది. పారేశానని చెప్పలేక, "దసరాకు వచ్చినప్పుడు అన్నీ మంచిగ రాసిస్త పెద్దమ్మా" అన్నాను.

దసరాకు వెళ్లాను. ఆమె పెరట్లో ఉన్నప్పుడు చూసి ఇంట్లో దూరాను. క్రిస్మస్‌కు వెళ్లాను. ఆమె ఇంటి ముందు చుక్క దీపం వెలుగుతుంటే పరీక్షలున్నాయని చెప్పి మరునాడే రైలెక్కాను. ఆ తర్వాత బాపు కరీంనగర్‌లో పని మీద వచ్చినప్పుడు వార్తాపత్రికలో చుట్టిన మూట ఒకటి నా చేతిలో పెట్టాడు. లోపల నాలుగు సర్వపిండి రొట్టెలు. "పెద్దమ్మ ఇచ్చింది. గంజితోనే తడిపిందట, కన్నీళ్లు దొరకలేదని చెప్పుమన్నది" అని బాపు నవ్వాడు. రొట్టెలన్నీ గదిలో స్నేహితురాళ్లు తిన్నారు. ఫోన్ చేసి బాగున్నాయని కూడా చెప్పలేదు.

మట్టి చేసిన మూడో రోజు ఒక కొత్త నోటుబుక్కు కొని, గుర్తున్నంత రాసుకుని వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో అక్క, మా అవ్వ ఉన్నారు. పెద్దబాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ముందు నిలబడి, "పెద్దబాపూ, నేను తప్పు రాసిన. పిల్లలు ఎన్నడు ఆకలితోని పండలే" అన్నాను. ఆయన నోటుబుక్కు వైపు చూసి, "ఈసారి ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

చదివి వినిపించాను. మీకూ అదే చెబుతున్నాను. రెండు సోలల బియ్యప్పిండి, రేషన్ బియ్యమైనా సరే. నానిన శనగపప్పు ఒక పిడికెడు, దంచిన పల్లీలు ఒక పిడికెడు, ఉల్లిపొరక అనే ఉల్లికాడలు, కరివేపాకు, కారం. అన్నం వార్చిన గంజి వేడి తగ్గక ముందే పోసి కలపాలి. గంజితో తడిపితే రొట్టె విరగదు. లోతు గిన్నెకు లోపల నూనె రాసి, పిండి పలుచగా ఒత్తి, వేలితో రంధ్రాలు చేసి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని మంట మీద కాల్చాలి. రెండో రొట్టెకు గిన్నె చల్లారాలి. అందుకే మా గిన్నె ఒకటి ఎప్పుడూ వాళ్లింట్లోనే ఉండేది.

"నువ్వులు మర్సిపోయినవ్" అన్నాడు పెద్దబాపు. రాసుకున్నాను.

"ఉప్పెంత?" అని అడిగాను. అవ్వ అక్క వైపు చూసింది. అక్క పెద్దబాపు వైపు చూసింది. ఆయన మెల్లగా లేచి, పొయ్యి పక్కనున్న ఉప్పు జాడీ తెచ్చి నా ముందు పెట్టాడు. "దీంట్ల ఎవరు చెయ్యి వెట్టొద్దని చెప్పిన. వాడుకానికి వేరే పాకిట్ తెచ్చిన" అన్నాడు.

మూత తీశాను. వానలకు ఉప్పు చెమ్మ పట్టి గడ్డ కట్టింది. నడుమ ఒక చిన్న గుంట. ఆ పొద్దున పొయ్యి ముట్టించాక ఆమె తీసినంత మేర, మూడు వేళ్ల గుర్తు అట్లాగే ఉంది.