మడత పెట్టి కత్తిరించిన ఇల్లు

కృష్ణప్రియ కుట్టిన జాకెట్టు భుజం జారదని జగ్గయ్యపేటలో పేరు. పదో తరగతితో చదువు ఆగింది గానీ చేతిలో కత్తెర ఆగలేదు. ఆమె భర్త కిషోర్‌బాబుకు నందిగామలో ఇళ్ళ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు ఉండేది. పోయిన వేసవిలో గుండెపోటుతో ఆయన వెళ్ళిపోయాడు. షట్టరు తాళాలు ఇచ్చేయమని ఇంటిల్లిపాదీ చెప్పారు. ఆమెకు చేతులు రాలేదు. అక్కడి కుర్చీకి ఆయన తువ్వాలు ఇంకా అలాగే వేలాడుతోంది మరి.

పక్క షాపులో ప్లాన్లు గీసే జయరాజ్ ఆయన స్నేహితుడు. "నేర్పుతా చెల్లెమ్మా. కుదరకపోతే అప్పుడే తాళాలిచ్చేద్దువుగాని" అన్నాడు. ఆమె రోజూ బస్సెక్కి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చునేది.

అతను చెప్పే ఇంగ్లీషు మాటల్ని ఆమె తనకు తెలిసిన పనుల్లోకి తిప్పుకునేది. గీత పక్కనే, అంతే ఎడంగా ఇంకో గీత రావడం ఆఫ్‌సెట్. అంటే కుట్టు కోసం వదిలే గుడ్డ. గోడ మందం అలాగే వస్తుంది. కిటికీ ఊచ ఒకటి గీస్తే మిగతావి వరసగా పడటం ఎర్రే. బంతిలో విస్తళ్ళు వేసినట్టన్నమాట. అన్నిటికన్నా మిర్రర్ నచ్చిందామెకు. గుడ్డ మడిచి ఒక్కసారి కత్తిరిస్తే ఎడమ ముక్కా కుడి ముక్కా జంటగా రావడం పెళ్ళికి ముందునుంచీ చూస్తున్నదేగా!

చిల్లకల్లు రత్తయ్య ఇద్దరు కూతుళ్ళకు పక్కపక్కనే, ఒకేలాంటి తూర్పు వాకిలి ఇళ్ళు కడుతున్నాడు. పెద్దమ్మాయి ఇల్లు కిషోర్‌బాబే గీసి పోయాడు. చిన్నమ్మాయిది మిగిలింది. "ఇది నిలబెట్టావా, ఆఫీసు నిలబడ్డట్టే" అన్నాడు జయరాజ్. కృష్ణప్రియ ఆ ఇంటినే మిర్రర్ చేసి, ప్రింటు తీయించి, ఆఫీసుకొచ్చిన రత్తయ్య దంపతుల ముందు పరిచింది.

రత్తయ్య భార్య రాఘవమ్మ కళ్ళజోడు సర్దుకుని కాగితం మీద వేలు పెట్టింది.

"ఇదేంటమ్మా? పెద్దదానికి ఆగ్నేయంలో పొయ్యి, చిన్నదానికి ఈశాన్యంలోనా? దేవుడి మూల్లో తాలింపేస్తదా నా కూతురు?"

అప్పుడు చూసుకుంది కృష్ణప్రియ. మడత విప్పేసరికి దక్షిణపు గదులన్నీ ఉత్తరానికి పోయాయి.

"జంటగా ఉంటే బాగుంటదనుకున్నానండి..."

"ఇల్లేమన్నా జాకెట్టా తల్లీ, మడిచి కత్తిరించడానికి!"

రత్తయ్య కాగితం చుట్టేశాడు. "బెజవాడలో ఎవరికన్నా ఇద్దాంలే."

కృష్ణప్రియ గబగబా కుర్చీలు లాగింది. "బాబాయిగారూ, టీ తాగేలోపు సరిచేస్తా. కూర్చోండి" అంది.

మాటలు విని జయరాజ్ వచ్చి వెనక నిలబడ్డాడు. "అది చెరిపేసి మామూలు కాపీ కొట్టు చెల్లెమ్మా. ఇంటిని ఏ మూల పట్టుకుని ఎత్తుతావో, అక్కడ కూడా ఆ మూలకే దించాలి. బావెప్పుడూ ఈశాన్యం మూలే పట్టుకునేవాడు."

ఆమె ఆ మూలే పట్టుకుంది. పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు ఇంటిని పక్క స్థలంలో దించింది. పొయ్యి ఆగ్నేయంలోనే ఉంది. వంటగది కిటికీ కింద, ఎవరూ అడగని చిన్న అరుగు కూడా దిగింది. ఆడవాళ్ళు కూరలు తరుక్కుంటూ కూర్చోవాలని కిషోర్‌బాబు ప్రతి ఇంటికీ గీసే అరుగు అది. తిరిగి చూస్తే పెద్దమ్మాయి ఇంట్లోనూ ఉన్నచోటే ఉంది. ఇటు తెచ్చినా అటు తరగలేదు. కృష్ణప్రియ మౌస్ బాణాన్ని ఆ అరుగు మీదికి తెచ్చి ఆపింది.

"ఏమ్మా, అరుగు తీసేస్తావా ఏంటి కొంపదీసి?" రాఘవమ్మ తెర మీదికి వంగింది. "పెద్దదానికుండి తనకు లేకపోతే మా చిన్నది ఇల్లు పీకి పందిరేస్తది!"

"తీయను పిన్నిగారూ."

రత్తయ్య చంకలోని పాత కాగితం తీసి బల్ల కింద బుట్టలో పడేశాడు. "కొత్తది ప్రింటు తియ్యమ్మా."

గుమ్మం దిగుతూ రాఘవమ్మ ఆగింది. "అవునూ, ఈ గీతల్లో పడి నా పట్టు జాకెట్టు మర్చిపోయేవు!"

"మర్చిపోనండి. అది మడిచే కత్తిరిస్తా" అని నవ్వింది కృష్ణప్రియ.

సాయంత్రం షట్టరు దించి, తాళాలు కొంగున ముడేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కింది.