రుమాలు విప్పమన్నారు

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఎండలో పనిచేసి వచ్చాక, నా ముక్కు పక్కన లేచిన పుండు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి తీసేసిన డాక్టరు, ఇకమీదట ముఖం మీద ఎండ పడనివ్వొద్దని గట్టిగా చెప్పాడు. అందుకే పోయిన ఎండాకాలం పసుపు అమ్మడానికి ఆర్మూరు వెళ్లినప్పుడు కూడా ముఖానికి క్రీము రాసుకుని, కళ్లు తప్ప అంతా రుమాలు చుట్టుకున్నాను.

మార్కెట్లో ఒక పెద్దాయన పసుపు సంచి కనిపించకుండా పోయింది. ఆయన నేరుగా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పొద్దుగాల సంది సూస్తున్న, గీ మూతి కట్టుకున్నోడు గీడనే తిరుగుతుండు. రుమాలు తియ్!"

"తీస్త పెద్దనాయిన, జర నీడకు పోదాం పా."

"సూశిన్రా, తప్పిచ్చుకపోవాలని సూస్తుండు!"

జనం చుట్టుముట్టారు. ఎవరో కాలరు పట్టుకున్నారు.

షెడ్డు కిందికి లాక్కెళ్లాక రుమాలు విప్పాను. "క్యాన్సర్ తీశిండ్రు. ఎండ తగలద్దన్నరు," అన్నాను. కుట్ల మచ్చ చూసి కాలరు పట్టుకున్నవాడు చెయ్యి వదిలేశాడు. ఇంతలో సంచి వేరేవాళ్ల కుప్ప వెనక దొరికిందని కేక వినిపించింది.

పెద్దాయన మాత్రం కదల్లేదు. తలపాగా పైకి జరిపి, చెవి మీద పుండు చూపించాడు.

"మస్తు దినాలాయె, మానుతలేదు. నీది గూడ మొదట గిట్లనే ఉండెనా బిడ్డా?"

"దవాఖానల సూపెట్టుకో పెద్దనాయిన."

"ఉత్తగ భయపెడ్తలేవు గదా?" అని మళ్లీ అనుమానంగా చూశాడు. అయినా మర్నాడు నా వెంట పరీక్షకు వచ్చాడు. అదీ క్యాన్సరే. మొదట్లోనే బయటపడింది కాబట్టి తీసేశారు.

అంతమందిలో దొంగలా నిలబడటం ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ ఆ రోజు ఆయన నన్ను అనుమానించకపోతే, తన పుండును అనుమానించేవాడు కాదు.